పన్నెండో రాయి

వెనక రాతితలుపు గుభీమని మూసుకుపోయింది. కొమరన్న ఒక్క గెంతు గెంతి గుహలోపల నాలుగడుగుల అవతల పడ్డాడు. భుజాన వేలాడే తప్పెటనూ, నడుముకు పట్టుగుడ్డలో చుట్టి కట్టుకున్న రాగిరేకునూ తడిమి చూసుకున్నాక గానీ ఊపిరి వదల్లేదు. తప్పెట పోతే తన బతుకుతెరువు పోయినట్టు. రాగిరేకు పోతే దేశమే పోయినట్టు.

దేశం పోవడమన్నది మాటవరసకు అన్నది కాదు. ఉత్తరాన నల్లలోయల్లోంచి ధూమ్రజటి అనే మాంత్రికుడు బూడిద సైన్యంతో దిగి వస్తున్నాడు. వాడు తొక్కిన నేల మీద గడ్డి మొలవదు సరికదా, ఆ నేల పేరేమిటో అక్కడ పుట్టినవాళ్లకే గుర్తుండదు. ఇప్పటికి మూడు రాజ్యాలు అలా మాసిపోయాయి. వాడికి ఎదురు నిలవగలిగింది సప్తదుర్గ కూటమి ఒక్కటే. ఏడుగురు రాజులు, ఏడు కోటలు, ఒకటే ప్రమాణం: ఒకరి గడప మీద శత్రువు కాలు పెడితే ఏడుగురి కత్తులూ ఒరలు దాటాలి. అందులో చేరాలంటే ఏడుగురూ ఒప్పుకోవాలి. ఆరుగురు ఎప్పుడో సరేనన్నారు. ఏడోవాడు పొరుగునున్న కుంభపురి రాజు కుంభవర్మ. ఆయన పదేళ్లుగా మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

ఎందుకయ్యా అంటే పేరు కోసం! కొమరన్న దేశం పేరు మేఘవతి. కుంభవర్మ ఏలుబడిలో ఒక సీమ ఉంది, దాని పేరూ మేఘవతే. తాతల తాతల నాడు మేఘవతి అనే రాణి రెండు నేలలనూ ఒక్క గొడుగు కింద ఏలిందట. ఆవిడ పుట్టినచోటు మాదంటే మాదని రెండు దేశాల పండితులూ గ్రంథాలు రాసి, ఒకరి గ్రంథాలను ఒకరు తగలబెట్టుకుని, జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. “పేరు మార్చుకుంటే చెయ్యి కలుపుతాను, లేదా మీ చావు మీరు చావండి” అన్నాడు కుంభవర్మ. చివరికి మేఘవతి రాజు ధవళకీర్తి తల వంచి, పేరు ముందు ‘ఉత్తర’ అని చేర్చుకోవడానికి ఒప్పుకున్నాడు. ఒక్క మాట చేరితే ఏం పోయిందని కూటమి రాయబారులు ఆశ్చర్యపోయారు. పరాయివాళ్లకు అలాగే ఉంటుంది మరి. ఆ రోజు మేఘవతిలో పొయ్యి వెలిగించని ఇళ్లే ఎక్కువ.

రాజు ఒప్పుకున్నంత మాత్రాన పేరు మారదు. దేశం చుట్టూ పన్నెండు సరిహద్దు రాళ్లున్నాయి. దండోరావాడు ఒక్కో రాయి దగ్గర తప్పెట కొట్టి కొత్త పేరు చాటాలి. పొరుగుదేశం మనిషి ఒకరు అది విని “విన్నాం” అనాలి. అప్పుడే రాయి ఆ పేరు పట్టుకుంటుంది. పన్నెండూ పట్టుకున్నాక, చాటినవాళ్లో విన్నవాళ్లో రాజముద్ర వేసిన రాగిరేకును కూటమి సభకు తెచ్చి ప్రమాణం చెయ్యాలి. ఆ సభ ఈ రోజే. మిట్టమధ్యాహ్నం శంఖం ఊదేలోపు రేకు మండపం మీద పెట్టకపోతే మళ్లీ ఏడాదిదాకా సభ లేదు. ఏడాదికి మేఘవతి ఉండదు, దానికి ఏ పేరు పెట్టాలన్న తగవూ ఉండదు.

మండపం ఈ కొండకు అవతల, కేక వేస్తే వినపడేంత దూరంలో ఉంది. అక్కడికి దారి ఈ గుహ ఒక్కటే.

గుహ అంటే గబ్బిలాల కంపు కొట్టే బిలం అనుకునేరు! ఏకాంతసిద్ధుడు పన్నెండేళ్లు తపస్సు చేసి తొలిపించిన గుహ అది. గోడల నిండా స్ఫటిక పలకలు. ఒక పలకది వానమబ్బు రంగు, పక్క పలకది నెమలి మెడ రంగు, ఆ పైది పండిన దానిమ్మ గింజ రంగు. కప్పులో గుండ్రటి రంధ్రం ఒకటుంది. అందులోంచి దిగిన ఎండ పలక నుంచి పలకకు దూకి గుహంతా రంగులు చల్లుతోంది. నేల అద్దంలా నున్నగా ఉంది. దాని నడుమ చెక్కిన తామరపువ్వు మీదికి ఎండ సరిగ్గా వచ్చి నిలిచిందంటే మధ్యాహ్నం అయినట్టు. ఇప్పుడు ఆ వెలుగు తామరకు మూడు జానల దూరంలో ఉంది.

కొమరన్న ముందు తలుపు దగ్గరికి పరుగెత్తాడు. తలుపు మీద చెక్కిన రాతిముఖం కళ్లు తెరిచింది. దాని చెవులు చేటలంత ఉన్నాయి.

“గుహ ఖాళీగా ఉంటే వెనక తలుపు తెరిచి ఉంటుంది, మనిషి వస్తే మూసుకుంటుంది. ఆ తరవాత రోజుకు ఒక్కసారే తెరుచుకుంటాను” అంది ముఖం, తిరగలి తిరిగినట్టున్న గొంతుతో. “ముందు తలుపూ వెనక తలుపూ ఒకే గొలుసు మీద ఉన్నాయి. అప్పుడు రెండూ కలిసే తెరుచుకుంటాయి. నూరు లెక్కపెట్టేలోపు రెండూ మూసుకుంటాయి. లోపలున్న వాళ్లందరూ తమది ఏ దేశమో నిజం చెప్పాలి. ఒక్కరు అబద్ధమాడినా ఎవరూ కదలరు.”

“అందరూ ఎవరు తల్లీ? నేనొక్కణ్నేగా!”

“ఇద్దరు” అంది రాతిముఖం.

కొమరన్న గిరుక్కున తిరిగాడు. నెమలిరంగు పలక చాటునుంచి ఒక ఆడమనిషి ఇవతలికి వచ్చింది. నెత్తిన గాజుల మలారం, నుదుట రూపాయంత బొట్టు, చెంగు బిగించి దోపిన ముతకచీర. ఆ మనిషిని అతను ఎరుగును. మొదటి రాయి దగ్గర గాజులమ్ముతూ కనపడింది, మూడో రాయి దగ్గరా కనపడింది. ఏడో రాయి దగ్గర సంతలేని రోజున కూడా కనపడితే, పాపం బేరాల్లేక తిరుగుతోంది కాబోలనుకున్నాడు.

“నువ్వా గాజులమ్మా! సరే, తొందరగా నీ ఊరు చెప్పు. అవతల నా కొంప మునిగిపోతోంది.”

“మేఘవతి” అంది ఆమె తలుపు వంక చూస్తూ.

“అబద్ధం” అంది రాతిముఖం.

ఆమె పెదవి కొరుక్కుంది. మలారం దించి పక్కన పెట్టింది. వంగిన నడుము నిటారుగా లేచింది. ఒక్క క్షణంలో గాజులమ్మి పోయి, ఏనుగు అంబారీ మీద ఊరేగడం అలవాటైన మనిషి అక్కడ నిలబడింది.

“కుంభపురి. నా పేరు పింగళిక. కుంభవర్మ మహారాజు కూతుర్ని.”

“నిజం” అంది రాతిముఖం.

కొమరన్న నోరు తెరుచుకుపోయింది. “రాకుమారి గారా! పన్నెండు ఊళ్లూ గాజులమ్ముకుంటూ నా వెనకాలే తిరిగింది మీరా!”

“నాన్నగారికి మీ మీద నమ్మకం లేదు. దండోరా సరిగా పడుతోందో లేదో నన్నే స్వయంగా వినమన్నారు. పదకొండు రాళ్ల దగ్గర విన్నాను. ‘విన్నాం’ అన్నాను.” ఆమె అక్కడ ఆగి అతని ముఖంలోకి చూసింది. “ఇప్పుడు నీ దేశం చెప్పు.”

కొమరన్న తలుపు వైపు తిరిగాడు. “ఉత్తర మేఘవతి” అన్నాడు.

“అబద్ధం.”

“పోనీ, మేఘవతి!”

“అదీ అబద్ధమే” అంది రాతిముఖం. “పదకొండు రాళ్లు ఒక మాట అంటున్నాయి, పన్నెండోది ఒక మాట అంటోంది. రెండు పేర్ల దేశాన్ని నేనెరగను.”

కొమరన్న అక్కడే చతికిలబడ్డాడు. చేసిన పని అతనికి తెలుసు, ఇంక దాచి లాభం లేదు. పన్నెండో రాయి వెనక తలుపు పక్కనే, రెండు బారల దూరంలో ఉంది. అక్కడే వాళ్ల నాన్న ముప్పై ఏళ్లు మేఘవతి పేరు మీద దండోరా వేశాడు. ఒక రోజు అలా చాటుతూ చాటుతూనే ఆ రాయికి ఆనుకుని ప్రాణం వదిలాడు. ఈ ఉదయం కొమరన్న అక్కడ నిలబడితే ఆ ఊరి ముసలమ్మ ఒకతె వచ్చి రాయిని రెండు చేతులా కావిలించుకుంది. “ఇక్కడొద్దు నాయనా. ఈ ఒక్క రాయినన్నా ఉండనీ” అంది. కొమరన్నకు దుఃఖం ముంచుకొచ్చింది. తప్పెట గట్టిగా కొట్టాడు, పెదవులు మాత్రం కదిపాడు. మాట బయటికి రాలేదు. అంత చప్పుడులో ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు.

“నేను చూశాను” అంది పింగళిక. “అందుకే తలుపు పడేలోపు నీ వెనకాలే దూరి ఆ పలక చాటున దాక్కున్నాను. ఈ సంగతి సభలో చెబితే చాలు, నాన్నగారు లేచి వెళ్లిపోతారు. ఆయన ఎదురుచూస్తున్నది ఇలాంటి సాకు కోసమే.”

“మరి చెప్పుకోండి, వెళ్లండి!”

“ఎలా వెళ్లను? నీ నోరు పెగలక నేను కూడా ఇక్కడే పడి ఉన్నానుగా!”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వెలుగు తామరకు రెండు జానల దూరానికి వచ్చింది.

కొమరన్న లేచి తలుపును భుజంతో తోశాడు, కాలితో తన్నాడు. గొలుసు కోసం గోడంతా వెతికాడు. మలారంలోని ఇనుపచువ్వ తీసుకుని పింగళిక తలుపు సందులో దూర్చి ఒత్తితే చువ్వే వంగింది. ఆమె భుజాల మీదికెక్కి కప్పులోని రంధ్రం అందుకోబోయాడు. అది పిడికిలి దూరేంత కూడా లేదు. జారి కింద పడితే మోకాలు చెక్కుకుపోయింది. రాతిముఖం ఇదంతా ఏళ్ల తరబడి చూసి విసిగిపోయినట్టు కళ్లు మూసుకుంది.

అప్పుడు వెనక తలుపు కిందినుంచి పొగ వచ్చింది. బూడిదరంగు పొగ పాములా మెలికలు తిరుగుతూ గడపదాకా పాకి, గడప తగలగానే చచ్చి చల్లారిపోయింది. సిద్ధుడి గుహలో మంత్రం పారదు.

“దండోరా కొమరన్నా!” తలుపు సందులోంచి ఒక గొంతు పిలిచింది. తేనె పూసినట్టు తియ్యగా ఉంది. “ఎందుకు నాయనా ఈ యాతన? నేను ధూమ్రజటిని. మీ పన్నెండో రాయి పక్కనే నిలుచున్నాను.”

అంటే బూడిద సైన్యం ఎల్ల దాటి లోపలికి వచ్చేసిందన్నమాట!

“నీకు ఆ పాతపేరు ప్రాణమని నాకు తెలుసు” అంది గొంతు. “పదకొండు రాళ్ల మీదా గుప్పెడేసి బూడిద చల్లానంటే కొత్తపేరు చెరిగిపోతుంది. పన్నెండు రాళ్లూ మేఘవతి అంటాయి. నువ్వూ మేఘవతి అను, తలుపులు తెరుచుకుంటాయి. ఆ రాగిరేకు నా చేతిలో పెట్టి ఇంటికి వెళ్లి పడుకో. నా జెండా కింద మీ దేశం ఎప్పటికీ మేఘవతే. మీ నాన్న సంతోషిస్తాడు.”

నిజం చెప్పాలంటే కొమరన్న మనసు ఊగింది. సిగ్గుపడవలసినంత ఊగింది. ఆ పేరు వినపడితేనే అతని గుండె నిండిపోయేది. చెయ్యి తనంతట తానే పట్టుగుడ్డ ముడి మీదికి వెళ్లింది.

“రాకుమారి పింగళికా, నువ్వూ ఉన్నావుగా?” అంది గొంతు, ఈసారి ఇంకాస్త తియ్యగా. “మీ నాన్నకు చెప్పమ్మా. రేపటికి ఈ కొండకు ఉత్తరాన ఆ పేరు పలికే నోరు ఒక్కటీ మిగలదు. మేఘవతి పూర్తిగా ఆయనదే. ఇంక పోటీ ఎవరున్నారు?”

కొమరన్న చెయ్యి ఆగిపోయింది. పింగళిక ముఖం పాలిపోయింది.

“విన్నారా రాకుమారి గారూ?” అన్నాడు కొమరన్న. “ఒకే పిల్లను ఇద్దరు పెళ్లికొడుకులకిచ్చి తాంబూలాలు పుచ్చుకుంటున్నాడు.”

ఆమె నవ్వలేదు. “మా సీమలో పెళ్లిళ్లలో ఒక పాట పాడతారు. మేఘవతి ఆడపడుచు మబ్బుల పల్లకీలో వచ్చిందని. ఆ పాట మాదే, మీరు దొంగిలించారని నాకు ఉగ్గుపాలతో నేర్పారు. మీ ఎనిమిదో రాయి దగ్గర ఆడవాళ్లు అదే పాట పాడుతుంటే గాజులు తొడుగుతూ విన్నాను. కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు.” ఆమె అతని భుజాన ఉన్న తప్పెట వైపు చెయ్యి చూపింది. “మిమ్మల్ని తగలబెట్టి ఇచ్చే పేరు మాకెందుకు? తప్పెట తియ్యి.”

“మీరు ‘విన్నాం’ అంటే మీ నాన్నగారు ఇంక కాదనలేరు. తెలిసే అంటున్నారా?”

“తెలిసే అంటున్నాను. కానీ తలుపులు తెరిస్తే వాడు లోపలికి వస్తాడు. అది ఆలోచించావా?”

కొమరన్న ఆలోచించాడు. ఆలోచించడానికి ఎంతో లేదు. వెలుగు తామర రేకు అంచును తాకుతోంది. అతను పట్టుగుడ్డ విప్పి రాగిరేకు తీసి ఆమె చేతుల్లో పెట్టాడు. పదేళ్లుగా ఏ కుంభపురి వాళ్ల పేరెత్తితే మేఘవతిలో ఉమ్మేసేవారో, ఆ కుంభపురి రాజు కూతురి చేతుల్లో తన దేశాన్ని పెట్టాడు.

“చాటినవాళ్లో విన్నవాళ్లో తెస్తే చాలంది ఆచారం” అన్నాడు. “నేను ఆ తలుపు దగ్గరుంటాను. మీరు ఈ తలుపు దగ్గరుండండి. తెరుచుకోగానే వెనక్కి చూడకండి.”

“నువ్వో?”

“నూరు లెక్కపెట్టేదాకా వాణ్ని ఆపాలిగా.”

అతను వెనక తలుపు దగ్గరికి వెళ్లి సందుకు ఎదురుగా నిలబడ్డాడు. గుహ చెమ్మకు తప్పెట మెత్తబడింది. దాన్ని పొట్టకు అదిమి, అరచేత్తో గట్టిగా రుద్ది బిగువు తెప్పించాడు. అవతల నాన్న ఆనుకున్న రాయి ఉంది. ఆ రాయిని కావిలించుకున్న ముసలమ్మ ఏమైందో తెలియదు. కర్ర ఎత్తి కొట్టాడు. గుహలోని స్ఫటికాలన్నీ గల్లుమన్నాయి.

“ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేయడమేమంటే” అని మొదలుపెట్టాడు. కళ్లవెంట నీళ్లు కారాయి. అయినా ఈసారి మాట మింగలేదు. “ధవళకీర్తి మహారాజు ఏలే ఈ దేశం నేటినుంచి ఉత్తర మేఘవతి! ఉత్తర మేఘవతి! ఉత్తర మేఘవతి! వినండహో!”

“విన్నాం!” ముందు తలుపు దగ్గరినుంచి పింగళిక అరిచింది. “కుంభపురి విన్నది!”

బయట రాయి ఒక్కసారి ఘల్లుమంది. రాతిముఖం కళ్లు తెరిచింది.

“నీది ఏ దేశం?”

“ఉత్తర మేఘవతి!”

“నిజం.”

గొలుసు కరకరలాడింది. రెండు తలుపులూ ఒకేసారి పైకి లేచాయి. ముందునుంచి పచ్చటి ఎండ, వెనకనుంచి నల్లటి పొగ గుహలోకి దూసుకొచ్చాయి. పింగళిక చీర ఎగదోపి బాణంలా బయటికి దూకింది.

పొగలోంచి బూడిద భటులు విరుచుకుపడ్డారు. మొదటి వరస గడప మీద కాలు పెట్టగానే పొడిపొడిగా రాలిపోయింది. రెండో వరసా రాలింది. వాళ్ల బూడిదలో మోకాళ్లదాకా దిగబడి ధూమ్రజటి స్వయంగా గడప దాటాడు. మోకాళ్ల కిందికి వేలాడే జడలు, నల్లకంబళి, చేతిలో వంకర కత్తి. కొమరన్నను చూడనైనా చూడకుండా ముందు తలుపు వైపు పరుగు తీశాడు.

“ఆ రేకు!” అని గర్జించాడు. “దాన్ని మండపం చేరనివ్వను!”

కొమరన్న వాడి జడలు రెండు చేతులా దొరకబుచ్చుకుని వేళ్లాడాడు. మంత్రం లేని మాంత్రికుడు ఉత్త ముసలివాడు. అయితేనేం, మొండి ముసలివాడు. ఇరవై లెక్క అయ్యేసరికి కొమరన్న భుజం చీలింది. యాభైకి తప్పెట అడ్డం పెడితే కత్తి దాని చర్మాన్ని నిలువునా కోసేసింది. డెబ్భైకి ఇద్దరూ దొర్లుకుంటూ ముందు తలుపు ముంగిట పడ్డారు. ధూమ్రజటి ఒక చెయ్యి ఎండలోకి చాచాడు. కొమరన్న వాడి కాలు పట్టుకుని, అరికాళ్లు నేలకు తన్నిపెట్టి, పళ్లు బిగించి లాగాడు. తొంభై. తొంభై అయిదు. దూరంగా దారి మీద పింగళిక మండపం మెట్లు ఎక్కుతూ చిన్నగా కనపడింది.

తలుపులు గుభీమని పడ్డాయి.

ధూమ్రజటి చెయ్యి వెనక్కి లాక్కుని రొప్పుతూ లేచాడు. అదే సమయానికి వెలుగు తామరపువ్వు నడిబొడ్డున వచ్చి నిలిచింది. కప్పులోని రంధ్రంలోంచి శంఖం వినపడింది. దాని వెంటనే ఒకటి, రెండు, మూడు… ఏడు భేరీలు మోగాయి. ఏడుగురు రాజులూ చేతులు కలిపారన్నమాట. కుంభవర్మ కూడా కలిపాడన్నమాట! కొమరన్న చర్మం చీలిన తప్పెటను ఒళ్లో పెట్టుకుని పసివాడిలా ఏడ్చాడు, ఏడుస్తూనే నవ్వాడు.

“ఏమిట్రా ఆ ఇకిలింపు?” ధూమ్రజటి తలుపును దబదబా బాదాడు. “తెరువు! ఈ క్షణం తెరువు!”

“రోజుకు ఒక్కసారే” అంది రాతిముఖం. “రేపు అడుగుతాను. లోపలున్న వాళ్లందరూ తమది ఏ దేశమో నిజం చెప్పాలి.”

ధూమ్రజటి ఏదో అనబోయి ఆగిపోయాడు. వాడి పెదవులు కదిలాయి గానీ పేరేదీ బయటికి రాలేదు. వాడు మొట్టమొదట బూడిద చల్లింది తను పుట్టిన నేల మీదే. అది జరిగి నూరేళ్లయింది. దాని పేరు ప్రపంచంలో ఎవరికీ గుర్తులేదు, వాడికి కూడా.

ఆ సంగతి వాడి కళ్లలో చూశాక కొమరన్న నవ్వు ఆగిపోయింది. ఒక్కరు నిజం చెప్పకపోయినా ఎవరూ కదలరు. అంటే రేపు కాదు, ఎల్లుండి కాదు, ఈ ముసలివాడికి తన ఊరు గుర్తొచ్చే దాకా తనకూ బయటికి దారి లేదు.

ధూమ్రజటి వంకర కత్తి తీసుకుని మెల్లగా అతని వైపు తిరిగాడు. కొమరన్న గోడకు ఆనుకుని, చీలిన భుజాన్ని ఒక చేత్తో అదిమి పట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

“కత్తి పక్కన పెట్టు, తాతా” అన్నాడు. “ఇలా వచ్చి కూర్చో. చిన్నప్పుడు మీ ఇంటి ముందు ఏ చెట్టుండేదో, అది ముందు చెప్పు.”